నలభై ఇంగ్లీషు ముక్కలు

భవ్య ఇంటర్వ్యూ గదిలోంచి బయటికి వచ్చేసింది గానీ లోపల నవ్వులు ఆగలేదు. ఒక మగగొంతు, ఒక ఆడగొంతు. మగవాడికి నవ్వీ నవ్వీ పొలమారినట్టుంది, మధ్యలో దగ్గుతున్నాడు. నేను కిటికీ పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నాను. అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమయింది?" అన్నాను.

"అయిపోయింది మిస్," అంది భవ్య. నా మొహంలోకి చూడకుండా వరండా చివర కుళాయి దగ్గరికి పోయి మొహం మీద నీళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఏడుస్తోందని అర్థమైంది. మూడేళ్లుగా నా దగ్గర చదువుకుంటున్న పిల్ల. ఎన్నిసార్లు గోడవైపు తిప్పి నిలబెట్టినా కంటనీరు పెట్టలేదు.

ఇది 2004 జూన్‌లో, కుప్పంలో ఒక డిగ్రీ కాలేజీలో జరిగింది. బెంగళూరు నుంచి ఒక కాల్ సెంటర్ వాళ్లు వచ్చి మనుషులను ఎంచుకుంటున్నారని పేపర్లో పడితే భవ్యను వెంటబెట్టుకుని నేనే వచ్చాను. ఆమె నాన్న మునిరత్నం రావలసింది. కానీ ఆరోజు టమాటా కోతకొచ్చింది, మదనపల్లె మార్కెట్టుకు లోడు పోవాలి. ముందురోజు సాయంత్రం నా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పాడు. "ఈ ఒక్కతూరి పోనీండమ్మా. దొరికితే బెంగళూరికి పంపిస్తా, నా మాటకు తిరుగులేదు. దొరక్కపోతే మాత్రం ఇంగ లేదు. డిగ్రీ అయిపోయె, తోటలో మనిషి కావాల నాకు. ఇంగ్లీషు మాట ఇంట్లో ఎత్తొద్దని మీరే చెప్పాల దానికి." ఆ పిల్ల డిగ్రీ చదివిన మూడేళ్లూ తెల్లారి బుట్టలు మోసి, స్నానం చేసి, పుంగనూరు బస్సెక్కి కాలేజీకి వచ్చి, సాయంత్రం నా క్లాసులో కూర్చునేది. ఆమె చేతుల నుంచి టమాటా ఆకు వాసన పోయేది కాదు.

కాల్ సెంటర్ అంటే ఏమిటో అప్పటికి మా పుంగనూరులో సగం మందికి తెలియదు. అమెరికాలో ఎవడో కొన్న వస్తువు అందకపోతేనో చెడిపోతేనో వాడు ఫోను చేస్తాడు. అది బెంగళూరులో మోగుతుంది. మనవాళ్లు ఎత్తి, వాళ్ల మాటల్లోనే వాడిని బుజ్జగించాలి. ఆ వివరం వినగానే ఇది నా శిష్యుల కోసమే పుట్టిన ఉద్యోగం అనుకున్నాను. వాళ్ల మాటలు ఈ చుట్టుపక్కల నేర్పేది నేనొక్కదాన్నే మరి.

నా పేరు జహీరా. 1991 నుంచి పుంగనూరులో మా ఇంటి ముందు గదిలో స్పోకెన్ ఇంగ్లీషు చెబుతున్నాను. మిగతావాళ్లు గైడ్లు చూసి చెబుతారు. నేను ఏ గైడూ చూసి నేర్చుకోలేదు. మా అమ్మ మదనపల్లె అవతల ఒక ఆసుపత్రి బంగళాలో ఆయా పని చేసేది. అమెరికా నుంచి వచ్చిన ఒక డాక్టరు కుటుంబం అందులో ఉండేది. వాళ్లమ్మాయి జూడీ నాకన్నా రెండేళ్లు పెద్దది. 1966 నుంచి 71 దాకా, నా తొమ్మిదో ఏటి నుంచి పద్నాలుగో ఏటి దాకా, ఆమె వెనకే తిరిగాను. ఆమె చదివే పత్రికలు, తిప్పే రికార్డులు, తిట్టే తిట్లు, అన్నీ నా చెవిలో పడ్డాయి. బాగుంటే గ్రూవీ. ఇంకా బాగుంటే ఫార్ అవుట్. పని చెడితే బమ్మర్. వెళ్లిపోవడం స్ప్లిట్. కూర్చుని మాట్లాడుకోవడం ర్యాప్. తొందరపడకు అనాలంటే హ్యాంగ్ లూజ్. నచ్చితే డిగ్ ఇట్. చాదస్తుడు స్క్వేర్. మా అమ్మ వంటింట్లో గిన్నెలు తోముతుంటే నేను ఆ పిల్లతో సమానంగా మెట్ల మీద కూర్చుని ఆ మాటలన్నీ అనేదాన్ని.

అలా నా దగ్గర నలభై మాటలు పోగయ్యాయి. క్లాసు పెట్టినప్పుడు వాటికి వాక్యాలు కట్టి నోట్సు రాశాను. పిల్లలు వాటిని నలభై ముక్కలు అనేవాళ్లు. వ్యాకరణం ఎవరైనా చెబుతారు, నా క్లాసు ప్రత్యేకత ఈ ముక్కలే. కొత్త బ్యాచ్ చేరగానే మొదటి పని, పాత బ్యాచ్‌లో దస్తూరి బాగున్నవాళ్ల నోట్సు తీసుకుని సొంత పుస్తకంలోకి ఎక్కించుకోవడం. ఒక్క అక్షరం మారకూడదు. శనివారం ఒప్పజెప్పాలి. తడబడితే గోడవైపు తిరిగి నిలబడాలి, మళ్లీ శనివారం మళ్లీ చెప్పాలి. ఎక్కాలు అలాగే వచ్చాయి మనకు, పద్యాలు అలాగే వచ్చాయి, ఇంగ్లీషు మాత్రం వేరే ఎలా వస్తుందని నా వాదన. పదమూడేళ్లలో నోట్సు చేతులు మారింది గానీ మాట మారలేదు. అది నాకు గొప్పగా ఉండేది.

దాన్ని మార్చడానికి చూసింది ఒక్క భవ్యే. నిరుడు ఒకరోజు నోట్సులు దిద్దుతుంటే ఆమె పుస్తకంలో గ్రూవీ పక్కన పెన్సిలుతో 'ఆసమ్' అని రాసి ఉంది. ఫార్ అవుట్ పక్కన ఇంకేదో. పేజీ పొడుగునా అలాగే.

"ఏందిది?" అన్నాను.

"టీవీలో ఇంగ్లీషు సీరియళ్లు వస్తాండాయి మిస్, మా పక్కింట్లో కేబుల్ ఉండాది. నేను ఆర్నెల్లుగా సూస్తాండా. మన ముక్కలు ఒక్కటి గూడా ఎవురూ అనడంలేదు. కూల్ ఒకటే అంటాండారు."

"టీవీ వాళ్లకు తెలుస్తుందా, దొరల ఇంట్లో పెరిగిన నాకు తెలుస్తుందా?"

"మీకే తెలుస్తాది మిస్," అంది. గొంతులో వినయం ఉంది, కళ్లలో లేదు. నాకు కోపం వచ్చింది. రబ్బరు తెప్పించి ఆ పెన్సిలు రాతలన్నీ అందరి ముందూ ఆమె చేతనే తుడిపించాను. ఒక్కో ముక్కా పదేసిసార్లు రాయమన్నాను. వరసగా మూడు శనివారాలు గోడకు నిలబెట్టాను. నాలుగో శనివారం నలభైకి నలభై గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పింది. దారికి వచ్చిందనుకున్నాను.

ఆ రాత్రి ఈ సంగతి మా ఆయన జమాలుద్దీన్‌తో చెప్పాను. ఆయన బజారువీధిలో టైలరు. అన్నం తింటూ అంతా విని నవ్వాడు. మేము ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ, కాబట్టి ఆయన మాటను తెలుగులో చెబుతున్నాను. "డెబ్బై నాలుగులో బెల్‌బాటమ్ ప్యాంటు కుట్టించుకునేదానికి వస్తే కాలి అంచు చుట్టూ ఇరవై నాలుగు అంగుళాలు పెట్టమనేవాళ్లు. ఇప్పుడు ఆ కొలత పెట్టి కుడితే నా అంగట్లో ఎవరన్నా అడుగు పెడతారా జహీరా? మీ అబ్బాజాన్ ఏది నచ్చినా భేష్ అనేవాడు. మన పెండ్లప్పుడు మనం ఫస్ట్ క్లాస్ అన్నాం. ఇప్పుడు నా అంగడి ముందర పిల్లలు కేక అంటున్నారు. భేష్ అన్న మనిషిని నేను చూసి పదేళ్లయింది."

"తెలుగు వేరు, ఇంగ్లీషు వేరు," అన్నాను. "మన మాట నోటికొచ్చినట్టు పోతుంది. ఇంగ్లీషుకు ఒక పద్ధతి ఉంది, రాసి పెట్టి ఉంటుంది."

"నీది పుస్తకాల ఇంగ్లీషు కాదని బోర్డు మీద నువ్వే రాయిస్తివే," అని ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

ఇవన్నీ మీకు చెబుతున్నాను గానీ, కుప్పంలో ఆ బెంచీ మీద కూర్చున్నప్పుడు ఇందులో ఒక్కటి కూడా నాకు గుర్తు రాలేదు. నా కోపమంతా లోపల నవ్వుతున్నవాళ్ల మీదే. పల్లెటూరి పిల్ల, వాయిల్ చీర కట్టుకుని వచ్చింది, కాబట్టి నవ్వుతున్నారని తీర్మానించుకున్నాను. లోపల ఏం జరిగిందో నాకు వినపడలేదు. వరండాలో ఇరవైమంది పిల్లలు ఎవరి సెల్ఫ్ ఇంట్రడక్షన్ వాళ్లు వల్లె వేస్తుంటే ఏం వినపడుతుంది? మధ్యలో ఒకసారి లేచి కిటికీ ఊచల్లోంచి చూశాను. భవ్య నన్ను చూసింది. ధైర్యం చెబుదామని తల ఊపి, కూర్చున్నాను. ఆ తర్వాత కాసేపటికే నవ్వులు.

తలుపు తోసుకుని లోపలికి పోయాను.

బల్ల వెనక ఇద్దరు. అబ్బాయికి పాతికేళ్లుంటాయి, జుట్టుకు ఏదో జిగురు రాసి ముళ్లలా నిలబెట్టాడు. బల్ల మీద పేరు రాసిన అట్టముక్క, హరీష్ అని. పక్కన అమ్మాయి పేరు జాహ్నవి. మధ్యలో చిన్న టేప్ రికార్డరు.

నేను ఇంగ్లీషులోనే మొదలుపెట్టాను. ఉద్యోగం ఇవ్వడం మానడం మీ ఇష్టం, ఒక ఆడపిల్లను పిలిపించి పగలబడి నవ్వడానికి మీరెవరు అని అడిగాను. మీ ఇద్దరూ స్క్వేర్లు, మీతో ర్యాప్ చేయడం నాకు పెద్ద బమ్మర్ అని కూడా అన్నాను. జాహ్నవి చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. హరీష్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"అయితే ఆ అమ్మాయికి నేర్పించింది మీరేనా మేడమ్?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"నేనే. ఆ మాటలు ఎవరివో వాళ్ల నోటినుంచి నేర్చుకున్నాను. నీ మాదిరి రెండు నెలలు ట్రైనింగు పోయి కాదు." గొంతు నాకు తెలియకుండానే పెరిగింది. వరండాలో వల్లెలు ఆగిపోయాయి.

"యాల మేడమ్ ఇట్ల అరస్తాండారు," అన్నాడు హరీష్. కంగారులో అతని ఇంగ్లీషు జారిపోయింది.

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "ఏ ఊరప్పా నీది?"

అతను అటూ ఇటూ చూసి, "నిమ్మనపల్లె," అన్నాడు.

"నిమ్మనపల్లె నుంచి వచ్చినోడివి పుంగనూరు పిల్లను చూసి నవ్వుతావా? సిగ్గుండాల."

అతని మొహం ఎర్రబడింది. "ఊరిని సూసి నవ్వలేదు మేడమ్. ఆ యాస సూసి గూడా నవ్వలేదు, యాస మేం దిద్దుకుంటాం. ఆ మాటలకు నవ్వొచ్చె. అవి ఇప్పుడు ఆ దేశంలో ముసిలోళ్లు గూడా అనరు. ఫోను చేసినోడు వస్తువు రాలేదని మంట మీద ఉంటాడు. వాని తావ ఈ మాటంటే ఎగతాళి చేస్తాండామని ఫోను పెట్టేస్తాడు. మా ఉద్యోగాలు పోతాయి."

"ఎవరు చెప్పినారు, ఇప్పుడు అనరని?"

"ఎవురూ చెప్పరు మేడమ్. నేను 2000లో చేరినప్పుడు, ఏం సంగతి అని అడిగేదానికి వాసప్ అని సాగదీసి పలకడం నేర్చుకున్యా. నిండా కష్టపడి నేర్చుకున్యా. రెండేండ్లకు ఒకనాడు అట్లంటే ఫ్లోరు ఫ్లోరంతా నవ్వినారు నన్ను. మర్నాటినించి మానేసినా."

"మరి కూల్? అది నా నలభైలో ఉంది. అది మీరంటారు కదా."

"అది నిలిచింది."

"అదెందుకు నిలిచింది? మిగతావి ఏం పాపం చేసినాయి?"

"అది ఎవురికి తెలుస్తాది మేడమ్," అన్నాడు హరీష్, నిజంగానే తెలియనట్టు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఊళ్లో మేకపోతు తప్పిపోతే చాటింపు వేయిస్తారు. కరెంటు పోతుందంటే పేపర్లో వేస్తారు. ముప్ఫై తొమ్మిది మాటలు చచ్చిపోతే ఒక్కడూ కబురు పెట్టడా? ఒక కార్డు ముక్క రాయరా? ఏ రోజున చచ్చాయి, ఎవరు తేల్చారు? నేను పదమూడేళ్లు, మూడొందల మంది పిల్లలతో, ఆ శవాలను గుక్కతిప్పుకోకుండా ఒప్పజెప్పించాను. ఈ మాటలన్నీ నేను బయటికి అనలేదు. అంటే ఆ జిగురు జుట్టువాడి ముందు ఏడుపు వచ్చేస్తుందని పళ్లు బిగబట్టి కూర్చున్నాను.

అంతసేపూ మాట్లాడని జాహ్నవి అప్పుడు టేప్ రికార్డరు దగ్గరికి జరుపుకుంది. "మేడమ్, ఒకటి వింటారా? మీ అమ్మాయిదే."

టేపు వెనక్కి తిప్పి నొక్కింది. ముందు హరీష్ గొంతు, అమెరికా వాడిలా కోపంగా. పది రోజులైంది, నా సామాను రాలేదు, మీ కంపెనీ దొంగల కంపెనీ అంటున్నాడు. తర్వాత భవ్య. మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి, మీ స్థానంలో ఉంటే నాకూ కోపం వస్తుంది, నంబరు చెబితే ఇప్పుడే చూస్తాను, అంటోంది. తడబాటు లేదు. మామూలు ఇంగ్లీషు. ఎదురుగా ఎవరో మనిషి కూర్చుంటే వాడితో మాట్లాడినట్టు ఉంది. ఆ పిల్ల నా క్లాసులో ఒక్కరోజు కూడా అలా మాట్లాడలేదు. నేను మాట్లాడనివ్వలేదు.

తర్వాత టేపులో చప్పుడు లేదు. నేను లెక్కపెట్టలేదు గానీ చాలాసేపు. అప్పుడు మళ్లీ భవ్య గొంతు, ఈసారి శనివారం గొంతు, పైకీ కిందికీ పోకుండా, గోడకు చెబుతున్నట్టు. దట్స్ ఎ బమ్మర్, మ్యాన్. హ్యాంగ్ లూజ్. ఐ విల్ స్ప్లిట్ అండ్ ర్యాప్ విత్ మై బాస్. ఎవ్రీథింగ్ విల్ బీ గ్రూవీ. ఆ వెనకే నవ్వులు. జాహ్నవి ఆపేసింది.

"మధ్యలో ఆగింది కదా మేడమ్, అప్పుడు ఆ అమ్మాయి కిటికీ వైపు చూసింది," అంది.

నా ఇంగ్లీషు పోయింది, తెలుగు పోయింది. ఆ కిటికీలో కనపడింది నేను. తల ఊపింది నేను. దారిలో పెట్టడానికి పోయి దారికి అడ్డం పడ్డాను.

"నవ్వడం మాది తప్పే," అంది జాహ్నవి. "నాలుగు గంటలకు మిగతావాళ్లవి అయిపోతాయి. అప్పుడు ఇంకొకసారి విందాం. ఏం హరీష్?"

హరీష్ నా వైపు అనుమానంగా చూసి సరేనన్నాడు. "కానీ మేడమ్, మీరు..." అని కిటికీ వైపు చెయ్యి చూపించి ఆగిపోయాడు.

"అర్థమైందప్పా," అని లేచాను.

భవ్య వరండా చివర గచ్చు మీద కూర్చుని ఉంది. కొంగు తడిసిపోయి ఉంది. నాలుగు గంటలకు మళ్లీ పిలుస్తారని చెప్పాను. తల ఎత్తలేదు.

"టేపు విన్నాను," అన్నాను. "అంత బాగా మాట్లాడుతూ ఉంటివి కదే. ఆ మాటలు ఎవరూ అనరని నీకు తెలుసు. నిరుడే తెలుసు. తెలిసి కూడా ఎందుకన్నావు?"

నేను మెల్లగానే అడుగుదామనుకున్నాను. కానీ నా నోరు నా మాట ఎప్పుడు విన్నది? అది గద్దింపులాగే వచ్చింది. భవ్య లేచి నిలబడింది. అప్పటిదాకా ఎన్నడూ నా కళ్లలోకి అంతసేపు చూసిన పిల్ల కాదు.

"యాల అంటే ఏం చెప్పేది మిస్? మీరు కిటికీలో తల ఊపితిరి. ఒప్పజెప్పమని అట్లనే కదా ఊపుతారు శనివారం. నేను నా మాటలు చెప్తా ఉంటే మీరు ఆడ్నించి ఇంటాండారని నాకేం తెలుసు, ఇనడంలేదని నాకేం తెలుసు. మీ ముక్కలు చెప్పకుంటే ఆడ ఉద్యోగం వస్తాది. వచ్చినాక పుంగనూరు దాకా బస్సులో మీ పక్కనే కూసోవాల కదా నేను."

"నేనేమన్నా కొడతానా?"

"కొట్టింటే పొయ్యేది మిస్. మూడు వారాలు గోడ సూసినా. నా పుస్తకంలో నేను రాసుకున్యింది నా చేతనే రుద్దిపిస్తిరి, అందరూ నవ్వినారు. ఈళ్లు గూడా నవ్వినారు ఇప్పుడు. మీ మాట ఇనకుంటే మీ తావ నవ్వు, ఇంటే ఈళ్ల తావ నవ్వు. మా నాయనేమో ఒక్కతూరే అని చెప్పి పంపించినాడు. ఎవురి మాట ఇనాల నేను?"

చుట్టూ పిల్లలు చూస్తున్నారు. నాకు ఎదురు చెప్పినవాళ్లు లేరని కాదు, మా ఆయన రోజూ చెబుతాడు. కానీ నా క్లాసులో పిల్ల, నలుగురిలో, ఈ మాట అనడం మొదటిసారి. చెయ్యి ఎత్తబోయాను కూడా. నిజం దాచడమెందుకు.

"మీరు బస్టాండుకు పొండి మిస్," అంది భవ్య. "మీరు ఈడ ఉంటే నాకు రాదు. కిటికీ కాడ లేకున్యా, ఈ కాంపౌండులో ఉండారని తెలిస్తే గూడా రాదు."

సంచీ తీసుకుని వచ్చేశాను. కాలేజీ గేటు నుంచి బస్టాండు దాకా మండుటెండలో ఆ పిల్లను తిడుతూనే నడిచాను. విశ్వాసం లేనిది, నోరు లేచింది, నేను నేర్పకపోతే టీవీలో మాత్రం ఏం అర్థమయ్యేది దీనికి అనుకున్నాను. బస్టాండులో నీళ్లు తాగి కూర్చున్నాక తిట్టడానికి ఇంకెవరైనా ఉన్నారా అని వెతుక్కున్నాను. హరీష్‌ను తిట్టాను. మా ఆయన్ను తిట్టాను, ప్యాంటు కొలతలతో సహా. చివరికి జూడీ దగ్గరికి వచ్చాను.

వాళ్లు 71లో వెళ్లిపోయారు. మొదట్లో మూడు ఉత్తరాలు రాసింది, తర్వాత లేదు. లెక్క వేస్తే ఇప్పుడు ఆ మనిషికి నలభై తొమ్మిదేళ్లు. తలకు రంగు వేసుకుంటూ ఉంటుంది. గ్రూవీ అని ఎవరైనా అంటే ఆమె కూడా ఆ ఇద్దరిలాగే నవ్వుతుంది. తాను ఎప్పుడో వదిలేసిన మాటలను ఆయా కూతురు పుంగనూరులో బోర్డు కట్టి నేర్పిస్తోందని తెలిస్తే ఇంకా నవ్వుతుంది. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. నువ్వు మారితే మారావు, నాకు ఒక మాట రాసి ఉండొచ్చు కదా. ఆ కోపం మధ్యలోనే ఇంకొకటి కూడా తెలిసింది, అది బాగాలేదు. నేను ఆ నలభై ముక్కలను ఇంగ్లీషు అని దాచుకోలేదు. మా అమ్మ గిన్నెలు తోముతుండగా నేను దొరబిడ్డతో సమానంగా మెట్ల మీద కూర్చున్న అయిదేళ్లను దాచుకున్నాను. నా మెట్లను ఒకరు పెన్సిలుతో కొట్టేస్తే ఊరుకుంటానా? అందుకని ఒక పేదపిల్లను గోడకు నిలబెట్టాను.

పక్కన ఎవరో ముసలాయన కన్నడంలో బస్సు సంగతి అడిగాడు. తెలియదని చెప్పాను. వెంకటగిరికోట బస్సులు రెండు పోయాయి. నాలుగు దాటింది, అయిదు దాటింది. లేచి గేటుదాకా పోయి చూద్దామని నాలుగైదుసార్లు అనిపించింది. కాళ్లను బలవంతంగా బెంచీ కిందికి తోసి కూర్చున్నాను.

అయిదున్నరకు భవ్య వచ్చింది. పరుగెత్తలేదు, నింపాదిగా నడుచుకుంటూ వచ్చింది. చేతిలో ఒక కవరు. నా పక్కన కూర్చోకుండా ఎదురుగా నిలబడింది.

"వచ్చింది మిస్. వచ్చే నెల ఒకటో తేదీ చేరమన్యారు."

నేను అల్లా పేరు తలుచుకున్నాను. ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టాను. పక్కకు జరగలేదు.

"మీ నాయనకు ఫోను చేసి చెప్పు. మార్కెట్లో మండీ నంబరు ఉందా నీ దగ్గర?"

"ఈడికి వచ్చేటప్పుడే చేసినా మిస్. మాట్లాడలేదు, ఏడ్సినాడు."

మా దారిన పోయే, పలమనేరు బోర్డు పెట్టుకున్న బస్సు వచ్చి నిలబడింది. ఎక్కి కూర్చున్నాం, నేను కిటికీ వైపు, ఆమె నా పక్కన. బస్సు కదిలాక ఇంక ఆగలేకపోయాను.

"ఏమన్నావే వాళ్లతో? ఈసారి ఏ మాటలు వాడినావు?"

భవ్య కవరును ఒళ్లో పెట్టుకుని దాని అంచు సరిచేసింది. నవ్వలేదు, కోపం కూడా లేదు.

"చెప్పను మిస్."

"ఎందుకు చెప్పవు? నేనేమన్నా తప్పు పడతానా ఇప్పుడు?"

"తప్పు పట్టరు. రాసుకుంటారు. వచ్చే బ్యాచ్ చేత ఎక్కించుకోమంటారు, శనివారం ఒప్పజెప్పమంటారు. పదేండ్లకు ఇంగొక పిల్ల ఈడికొచ్చి నా మాటలు చెప్పి నవ్విపించుకుంటాది."

ఎంత పొగరు, అనుకున్నాను. ఒళ్లంతా మండింది. ఏదో ఒకటి గట్టిగా అనబోయాను. అనలేకపోయాను, ఎందుకంటే అప్పటికే సంచిలోంచి నోట్సు తీసి ఒళ్లో తెరిచి పెట్టుకుని, పెన్ను మూత పళ్లతో లాగి పట్టుకుని ఉన్నాను.